ఎఫీ మళ్లీ చూసిన ఊదా కొండ

ఎఫీ రాట్రే ఇరవై ఎనిమిదేళ్లు ఒక కొండలోయలో ఉత్తరాలు పంచింది. ఎర్ర వ్యానులో ఉత్తరాల సంచి పక్కనే ఆమె కెమెరా కూడా ప్రయాణం చేసేది. ఆగస్టు వచ్చిందంటే ఆమెకు మనసు నిలిచేది కాదు. కొండంతా హెదర్ పూసేది. మోకాలెత్తు పొదలు, వాటినిండా కందిగింజంత ఊదా పూలు, ఆ పూల చాటున గ్రౌస్ అనే అడవి కోళ్లు, కొండ కుందేళ్లు. పని ముగియగానే బూట్లు మార్చుకుని కొండెక్కి, తడి నేలమీద బోర్లా పడుకుని, గంటల తరబడి ఊపిరి బిగబట్టి చూసేది. లోయలో ఆమె తీసిన ఫొటో లేని వంటిల్లు లేదు.

రిటైరయ్యాక నాలుగేళ్లుగా మాత్రం ఆమెకు కొండమీద కోపం. "ఈ ఏడూ పువ్వు మాడిపోయింది. పురుగు పట్టింది," అని కనబడినవాళ్లందరికీ చెప్పేది.

పక్కింటి వాటీ కిన్నియర్ ఆ కొండమీద నలభై ఏళ్లు వేటకొచ్చేవాళ్ల కోసం గ్రౌస్ కోళ్లను కాచినవాడు. ఒక సాయంత్రం టీకి వస్తే ఎఫీ కొత్త ఫొటో చూపించింది.

"చూడు, కుందేలు. ఎంత బుద్ధిగా కూర్చుందో!"

వాటీ కళ్లజోడు సవరించుకున్నాడు. "బుద్ధిగానే కూర్చుంటుంది మరి. అది రాయి."

ఎఫీ ఫొటో లాక్కోబోతే వాటీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పువ్వు కూడా నిక్షేపంలా ఉంది. ఇదిగో, నీ ఫొటోలోనే ఊదారంగు కుప్పపోసినట్టుంది. తెగులు కొండకి కాదు పిల్లా, నీ కళ్లకి."

"టీ అయిపోతే తలుపు అటుంది," అంది ఎఫీ.

తర్వాత పన్నెండు రోజులు వాళ్లిద్దరికీ మాటల్లేవు. కోపం కంటే ఎఫీది భయం. వాళ్ల నాన్న చివరి రోజుల్లో చూపు పోయి గోడ తడుముకుంటూ నడిచాడు. డాక్టరు దగ్గరకు వెళ్తే ఇక కెమెరా పక్కన పెట్టమంటాడని ఆమెకు లోలోపల తెలిసినట్టే ఉండేది. పదమూడో రోజు నల్లదనుకుని తొడుక్కున్న స్వెటరు అద్దం ముందు వెలుతురులో నీలంగా తేలింది. అలాగే వెళ్లి వాటీ తలుపు కొట్టింది.

"నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తావా?"

"పన్నెండు రోజులుగా కారు తాళం జేబులోనే ఉంది. పద," అన్నాడు వాటీ.

డాక్టరు భయపెట్టలేదు. రెండు కళ్లకీ శుక్లాలన్నాడు. చలికాలంలో ఒక కన్ను, వసంతంలో రెండోది బాగు చేశారు. రెండుసార్లూ వాటీయే కారు నడిపి, వారం రోజులు వేళకి చుక్కల మందు వేసి, సూపు కాచిపెట్టాడు. ఆ సూపులో ఉప్పెక్కువైనా ఎఫీ నోరెత్తలేదు.

ఆగస్టు రెండో వారంలో ఇద్దరూ కొండెక్కారు. కంచె గేటు దాటగానే ఎఫీ ఆగిపోయింది. పాదాల దగ్గర మొదలైన ఊదారంగు వాలు మీదుగా, శిఖరం మీదుగా మేఘాల దాకా పాకిపోయింది.

"ఈ నాలుగేళ్లూ ఇంతేనా?"

"ఎప్పుడూ ఇంతే," అన్నాడు వాటీ మెల్లగా.

ఆమె ఏడ్చింది. ఆ చప్పుడుకి ఒక గ్రౌస్ కోడి పొదలోంచి లేచి, "పో పో వెనక్కి" అని తిట్టినట్టు అరుస్తూ ఎగిరిపోయింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. కాసేపటికి గట్టు మీదికి నిజంగానే ఒక కుందేలు వచ్చింది. దాని గోధుమరంగు బొచ్చులో బూడిదనీలం ఛాయ, మీసాల మీద పుప్పొడి. ఎఫీ పడుకుని చూస్తూ బటన్ నొక్కడమే మరిచిపోయింది. అది పూలు కొరికి, చెవి గోక్కుని, వెళ్లబోతుంటే అప్పుడు ఎఫీ ఒక్కటంటే ఒక్క ఫొటో తీసింది.

తర్వాత రాళ్లమీద కూర్చుని ఓట్స్ రొట్టెలు, జున్ను తిన్నారు. వాటీ కొండెక్కి నొప్పెట్టిన మోకాలు రుద్దుకుంటున్నాడు. ఎఫీ కెమెరా అతని వైపు తిప్పింది.

"నన్నెందుకు తీయడం? నేనేమన్నా కుందేలునా?"

"కదలకు ముసలోడా. నువ్వు లేకపోతే నాకిదంతా ఎక్కడిది?"

అతను సిగ్గుపడి టోపీ కిందికి లాక్కున్నాడు. ఈ రోజుకీ ఎఫీ ఇంట్లో పొయ్యి పైన గోడమీద ఉన్నది ఆ ఫొటోయే. నడుములోతు ఊదా పూలలో, నోటినిండా రొట్టెతో, విసుక్కుంటున్న వాటీ.