అమ్మవారి వెనకాలే నడిచాను

జాకెట్టుకి వీపు అనేదొకటి ఉంటుందని మా తెనాలికి అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులవి. అంతకుముందు జాకెట్టంటే చీరకి జతగా ఉండాల్సిన గుడ్డ, చేతుల దగ్గర బిగుతైందా వదులైందా అన్నదొక్కటే గొడవ. పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు పెళ్ళికూతుర్ని అటు తిరిగి నిలబడమని, మెడ ఒక్కటీ ఇటు తిప్పమని అడగడం మొదలుపెట్టాక గానీ ఆడవాళ్ళ వీపులకి యోగం పట్టలేదు. సరిగ్గా ఆ ఏడాదే నేను బీకాం పూర్తిచేసి, మగ్గం వర్క్ నేర్చుకుని, మా ఇంటి వరండాలో ఒక చెక్క ఫ్రేమూ రెండు ట్యూబులైట్లూ పెట్టి షాపు తెరిచాను. 'అంత ముందుచూపు మీకెలా వచ్చిందండీ' అని ఇప్పుడెవరైనా అడిగితే నవ్వి ఊరుకుంటాను. ముందుచూపూ లేదు, పాడూ లేదు. బీకాం అయితే పాసయ్యాను గానీ లెక్కలు చూస్తే నాకు నిద్ర, సూది చూస్తే హుషారు. అంతకుమించి నా దగ్గర వేరే పథకమేదీ లేదు.

నాన్న దాన్ని షాపు అనేవారు కాదు. 'వరండాలో ఆ పని' అనేవారు. ఆయన హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషి, చర్చిలో సంఘపెద్ద. తాతయ్య దగ్గర్నుంచీ మా ఇంట్లో అందరూ టీచర్లే (భోజనాల దగ్గర ఎవరికైనా రెండోసారి పప్పు కావాలంటే చెయ్యెత్తాలేమో అన్నట్టు ఉండేది). నేనొక్కదాన్నే దారి తప్పానని ఆయన బెంగ. బీఈడీ చెయ్యమని ఆయన, చెయ్యనని నేను, కొన్నాళ్ళు వాదించుకున్నాక ఒక ఒప్పందం కుదిరింది. బీఈడీ కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఒక్క పెళ్ళికూతురి జాకెట్టు, మొత్తం నా చేత్తో చేసి, అవతలివాళ్ళు మెచ్చుకునేలా ఇవ్వాలి. ఇస్తే ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తరు. ఇవ్వలేకపోతే ఫ్రేము అటకెక్కుతుంది, నేను కాలేజీకి వెళ్తాను. ఆ మర్నాడే ఆయన అటక దులిపించారు.

కౌన్సెలింగ్ దగ్గర పడుతున్నా నాకు వచ్చినవన్నీ ఫాల్సు కుట్టే పనులూ హుక్కులు మార్చే పనులే. నేను దాదాపు ఆశ వదులుకునే సమయానికి మిల్లు అత్తయ్యగారు మెట్లెక్కారు. మా వీధి చివర రైస్‌మిల్లు వాళ్ళావిడ. వరస ఏమీ లేదు, వీధి మొత్తానికీ అత్తయ్యగారే. ఆవిడకి యాత్రలంటే ప్రాణం. బస్సులో వచ్చినవాళ్ళంతా గర్భగుడి దగ్గర ఒకర్నొకరు తోసుకుంటుంటే, ఈవిడ బయట మంటపంలో తీరిగ్గా నిలబడి స్తంభాల మీది బొమ్మల్ని పరీక్షగా చూసేవారు. 'ఆ వడ్డాణం చూడాలే అమ్మాయ్, ఎక్కడా అతుకు కనపడదు. మన కంసాలికి చూపిస్తే పని మానేసి కాశీ పోతాడు' అని వచ్చాక వీధిలో అందరికీ చెప్పేవారు. శిల్పాన్ని అంత ప్రేమగా చూసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అయితే ఆవిడ చూపు నగల దగ్గర మొదలై చీరకుచ్చిళ్ళ దగ్గర ఆగిపోయేది, అది వేరే సంగతి.

"మా అమ్మాయి పెళ్ళి జాకెట్టు నువ్వే చెయ్యాలి," అన్నారు కూర్చుంటూనే. "అయితే నీ డిజైన్ల పుస్తకంలో నెమళ్ళూ ఏనుగులూ నాకొద్దు. వాటిని ఊరంతా వీపున వేసుకుని తిరుగుతున్నారు. శిల్పంలో అమ్మవారికి వీపు మీద ఎలా ఉంటుందో అచ్చం అలా ఉండాలి."

"ఎలా ఉంటుందండీ?"

"నన్నడుగుతావేంటి? వెళ్ళి చూసుకో. బాపట్ల పాత గుడిలో స్తంభాలన్నీ అవే కదా."

మేం చర్చికి వెళ్తామండీ అని నసిగాను. "చూడమన్నాను గానీ మొక్కమన్నానా," అన్నారు. మొక్కక్కర్లేదంటే సరేనన్నాను. పైగా అది పెళ్ళికూతురి జాకెట్టు.

మర్నాడు పొద్దున్నే బాపట్ల పాసింజరెక్కాను. చేతిలో చుట్టిన ట్రేసింగ్ కాగితం, సంచిలో పెన్సిల్, టేపు. గుడిలో అడుగుపెట్టాక మొదటి గంట నేనెందుకొచ్చానో మర్చిపోయాను. చిలకతో కబుర్లు చెబుతున్న అమ్మాయి ఒకతి, మద్దెల వాయిస్తున్నది ఒకతి, కాల్లో ముల్లు తీయించుకుంటూ నాకేం నొప్పి లేదన్నట్టు అటెటో చూస్తున్న మహాతల్లి ఒకతి. ఆ ముల్లు తీసే పిల్ల నొసలు ముడేసిన తీరు చూస్తే, ఎంతో కాలం కిందట ఏ శిల్పి ఇంట్లోనో నిజంగా ఎవరికో ముల్లు గుచ్చుకుని ఉంటుందనిపించింది. రాతిలో ఇంత మెత్తదనం ఎలా తెచ్చారా అని నాకు కళ్ళు చెమర్చాయి కూడా. అప్పుడు టేపు తీశాను. తీశాక రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, వీళ్ళెవరికీ జాకెట్లు లేవు. రెండు, వీళ్ళెవరికీ వీపుల్లేవు.

అవునండీ. స్తంభం మీది బొమ్మకి వీపు ఎక్కణ్ణుంచి వస్తుంది, అది రాయిలో కలిసిపోయి ఉంటుంది. ఇంత చిన్న సంగతి నాకూ తోచలేదు, యాత్రలన్నీ తిరిగిన అత్తయ్యగారికీ తోచలేదు. అయినా ఆశ చావక ప్రాకారం చుట్టూ తిరిగాను. ఒకచోట గోడ గూట్లో అమ్మవారి చిన్న విగ్రహం, వెనక రెండు వేళ్ళు పట్టేంత సందు. హ్యాండ్‌బ్యాగులో ఉన్న చేతి అద్దం తీసి, మునివేళ్ళ మీద లేచి, ఆ సందులోకి వంచి చూశాను. నున్నగా చెక్కని రాయి కనపడింది, ఒక బల్లి కనపడింది. అంతలో ప్రదక్షిణాలు చేస్తున్న ఒక మామ్మగారు నా పక్కన ఆగిపోయారు.

"అమ్మవారికి అద్దం చూపిస్తున్నావా తల్లీ," అన్నారు కళ్ళకద్దుకుంటూ. "ఈ కాలంలో ఎవరు చేస్తున్నారు ఈ సేవ. ఇంకాస్త పైకెత్తు, ఆవిడ మొహానికి అందాలి."

(దేవుడికి అద్దం చూపించడం కూడా పూజలో ఒక భాగమట. నాకెలా తెలుస్తుంది.) కాదని చెప్పబోయాను గానీ ఆవిడ అప్పటికే చేతులు జోడించేశారు. సంఘపెద్ద కూతుర్ని, మామ్మగారి ప్రార్థన అయ్యేదాకా అమ్మవారి మొహానికి అద్దం పట్టుకుని నిలబడ్డాను. పోయేటప్పుడు ఆవిడ నా బుగ్గలు పుణికి, నాకు తొందరగా మంచి సంబంధం రావాలని దీవించి వెళ్ళారు.

తిరిగొచ్చి అత్తయ్యగారికి ఉన్న సంగతి చెప్పాను. "అమ్మవారికి వీపు లేకపోవడమేంటే పిచ్చిపిల్లా," అని కాసేపు ఆలోచించారు. "స్తంభంలో ఉంటే కనపడదులే. బయటికొచ్చినప్పుడు చూడాలి. రేపల్లెలో మా పుట్టింటివాళ్ళ గుడి ఉంది కదా, వచ్చే శుక్రవారం ఊరేగింపు. వెనకాల నడువు. అలంకారం చేసే పంతులుగారిని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు." కౌన్సెలింగ్‌కి ఇంక ఎన్నో రోజులు లేవు. శుక్రవారం రేపల్లె రైలెక్కాను.

ముందు నుంచి చూస్తే అమ్మవారు సాక్షాత్తూ మహారాణి. ట్రాక్టరు ట్రక్కు మీద, సీరియల్ బల్బుల మధ్య, ఆకుపచ్చ పట్టుచీరలో, ఇప్పుడే లేచి దిగొస్తుందేమో అన్నట్టు ఉంది. జనమంతా అటువైపు. హారతి పళ్ళాలన్నీ అటువైపు. నేను చుట్టూ తిరిగి వెనక్కొచ్చాను. అక్కడ వెదురు బద్దలు, వాటికి కట్టిన ఎండుగడ్డి, గడ్డి మీద నాలుగు మడతల చీర, పిన్నీసులు. వాటన్నిటినీ పట్టి ఉంచుతూ తెల్లటి నూలు తాళ్ళు. మెడ దగ్గర అటొకటి ఇటొకటి బయల్దేరి, మధ్యలో ఒకదాన్నొకటి దాటుకుని, విడిపోయి, మళ్ళీ దాటుకుని, నడుం దగ్గర కలిసి పెద్ద ముడైపోయాయి. దాటుకున్న ప్రతిచోటా మళ్ళీ చిన్న ముడి. ఒక తాడు పొడవు సరిపోనట్టుంది, దాని చివర మిఠాయి పెట్టెకి కట్టే ఎర్ర రిబ్బన్ కలిపారు. బాపట్లలో చూసిన శిల్పాలన్నీ ఒకెత్తు, నాకు ఆ తాళ్ళొక్కటీ ఒకెత్తు. అంత అందమైన వీపు నేను అంతవరకూ చూడలేదు. ట్రక్కు వెనక తలుపు మీద కాగితం పరిచి గియ్యడం మొదలుపెట్టాను.

రెండో వీధిలో పంతులుగారు నన్ను చూశారు. బక్కగా, పొడుగ్గా, తెల్లవారినప్పట్నుంచీ అలంకారం చేసి అలిసిపోయి ఉన్నారు పాపం. గబగబా వచ్చి నాకూ తాళ్ళకీ మధ్య నిలబడ్డారు.

"చూడమ్మా, ఇది వెనక. అందరూ అటువైపు ఉన్నారు."

"తెలుసండి."

"హారతి కూడా అటే."

"పర్లేదండి. నాకు ఇటే పని. జాకెట్టు డిజైన్ కోసం వచ్చాను."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "అమ్మవారికి జాకెట్టు లేదు తల్లీ. ముందు కనపడే చేతులకి రెండు గుడ్డ గొట్టాలు కుట్టి తొడిగాను, అంతే. బయట అనకు."

చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టాలు తిన్నగా వంటింట్లోకి వచ్చేస్తే మా అమ్మ మొహం అలాగే ఉంటుంది. ఆయన కండువా విప్పి తాళ్ళకి అడ్డం పట్టారు. ట్రాక్టరు కదిలింది. ఆయన అటు జరిగితే నేనిటు, నేనటు జరిగితే ఆయనిటు, అలా రేపల్లె వీధుల్లో సాయంత్రమంతా అమ్మవారి వెనకాల మేమిద్దరం ఒక వేరే ఊరేగింపు నడిపాం. చివరికి ఆయనకే చెయ్యి నొప్పి పుట్టి, "కానియ్యి తల్లీ, నీ ఇష్టం. ఆ రిబ్బన్ మాత్రం గియ్యకు," అన్నారు. అప్పటికే గీసేశాను.

నేను ఇంటికి వచ్చేసరికే కబురు నాన్నకి చేరింది. మా సంఘంలో ఎవరికో రేపల్లెలో చుట్టాలున్నారు. మర్నాడు పొద్దున్న కుర్చీ వరండాలోకి లాక్కుని కూర్చున్నారు.

"అమ్మవారి ఊరేగింపులో ఉన్నావట."

"వెనకాల ఉన్నాను నాన్నా. ముందుకి అస్సలు వెళ్ళలేదు."

దానికి ఎన్ని మార్కులెయ్యాలా అన్నట్టు ఆయన ఆలోచించారు. "బైబిల్లో వెనకాల నడవడాన్నే వెంబడించడం అంటారు. ఆదివారాలు ప్రసంగం వింటున్నావా, నిద్రపోతున్నావా?"

లోపల్నుంచి అమ్మ అంది, "అక్కడ బ్యాండు వాయించేవాళ్ళు మన సంఘం వాళ్ళేగా అండీ. వాళ్ళయితే ముందే నడుస్తారు."

నాన్న పేపరు విప్పి చదువుకోవడం మొదలుపెట్టారు. ఆ పేజీ నిన్నటిదని ఆయనకి తెలిసినట్టు లేదు.

ఆ తరవాత నాకు తిండి లేదు, నిద్ర లేదు. తాళ్ళన్నీ జరీ తీగతో మెలిపెట్టి కుట్టాను. దాటుకున్న చోటల్లా ఒక ముడి, ముడికొక రాయి. ఒక తాడు చివర ఎర్ర పట్టుదారం. ఎన్నిసార్లు విప్పానో, ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు. ఏడుస్తున్నప్పుడల్లా నల్లబల్ల ముందు సుద్దముక్కతో నిలబడ్డ నేను నాకే కనపడేదాన్ని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ సూది పట్టేదాన్ని. కౌన్సెలింగ్‌కి ముందురోజు చివరి కుట్టు వేశాక అత్తయ్యగారు వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, జాకెట్టు వెనక్కి తిప్పి వెలుతురు దగ్గరికి పట్టుకున్నారు. ఒక్కో ముడినీ వేలితో తడిమి చూశారు. లోపల కుర్చీలో నాన్న పేపరు దించి ఇటే చూస్తున్నారు.

"ఎక్కడిదిది?"

"రేపల్లె అమ్మవారిదండి. ఊరేగింపులో చూశాను."

"అదీ. చూడగానే అనుకున్నాను, ఇది ఇప్పటి పని కాదని," అన్నారు కళ్ళనీళ్ళతో. (పోయిన శుక్రవారం నాటి పని.) "ఆ కాలం వాళ్ళ చేతుల్లో ఏముందో గానీ."

పెళ్ళిలో ఫొటోగ్రాఫరు పిల్లని అటు తిరగమన్నాడు. ఆడవాళ్ళు భోజనాల దగ్గర్నుంచి లేచి వచ్చారు. నాన్న పక్కన కూర్చున్నాయన ఎవరో, ఎవరు చేశారండీ అని అడిగితే, నాన్న గొంతు సవరించుకుని, "మా అమ్మాయి షాపులో చేశారు," అన్నారు. నేను వెనక వరసలో ఉన్నాను. వినపడనట్టే మొహం పెట్టాను గానీ ఆ మాట ఇంకోసారి అంటారేమోనని అక్కణ్ణుంచి కదల్లేదు. బీఈడీ అనే మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

రేపల్లె నుంచి పంతులుగారు కూడా వచ్చారు. పెళ్ళికూతురి వీపు చూసి అక్షింతలు చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయారు. తరవాత నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"రిబ్బన్ కూడా కుట్టేశావా తల్లీ."

"అదే అన్నిటికన్నా బాగుందండి."

ఆయన పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

మరుసటి ఏడాది ఊరేగింపుకి మళ్ళీ రేపల్లె వెళ్ళాను. అప్పటికే మా జాకెట్టు సంగతి చుట్టుపక్కల పాకింది, ట్రక్కు వెనకాల ఆడవాళ్ళు గుంపుగా నడుస్తున్నారు. పంతులుగారు నన్ను చూసి దగ్గరికి రమ్మని సైగ చేశారు. ఈసారి కండువా అడ్డం పెట్టలేదు, చెయ్యి చాపి చూపించారు. మెడ దగ్గర్నుంచి నడుం దాకా చేమంతులూ మరువం ఒత్తుగా అల్లి కప్పేశారు. ఒక్క తాడు కనపడితే ఒట్టు. "నీ వల్లే ఇటు కూడా చూసేవాళ్ళు వచ్చారమ్మా. ఎలా ఉంది," అని అడిగారు, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా.

చాలా బాగుందండి అన్నాను. ఇప్పటికీ ఏటా వెళ్తూనే ఉన్నాను, ఆయన ఏటా ఇంకాస్త పూలు పెంచుతూనే ఉన్నారు, చాలా బాగుందండి అంటూనే ఉన్నాను. షాపులో ఇప్పుడు ఆరు ఫ్రేములున్నాయి. ఊళ్ళో ఎవరి పనికైనా మొహం మీదే వంక పెట్టేస్తానని నాకు పేరు. ఆ తాళ్ళే బాగుండేవని మాత్రం ఆయనకి చెప్పలేకపోతున్నాను.