ఎస్ అంటే స్నో అన్నాడు

ఖరగ్‌పూర్‌లో మంచు పడదు. జనవరి ఉదయాల్లో స్టేషను మీద పొగమంచు కమ్ముకుంటుంది, బళ్లు ఆలస్యమవుతాయి, అంతే. అలాంటి ఊళ్లో గడ్డకట్టిన రోడ్ల మీద నడిచే టైర్లు కావాలని అడిగితే నవ్వుతారని నాకు ముందే తెలుసు. నవ్వనీ అనుకున్నాను. నా కోపం నవ్వినందుకు కాదు.

మా చెల్లెలు అరుణాచల్‌లో ఒక బోర్డింగు స్కూల్లో లెక్కలు చెబుతుంది. దిరాంగ్ దాటి, కనుమ ఎక్కి దిగితే వచ్చే చిన్న ఊరు. పోయిన చలికాలం హాస్టలు మెట్ల మీద గడ్డకట్టిన నీళ్ల మీద కాలు జారి పడింది. చీలమండ విరిగింది. అక్కడే కట్టు వేశారు. మూడు వారాల్లో స్కూలుకు చలికాలపు సెలవులు. పిల్లలు వెళ్లిపోతారు, వంటవాళ్లు వెళ్లిపోతారు, కుళాయిల్లో నీళ్లు గడ్డకడతాయి. కట్టు వేసిన కాలుతో షేరు సుమోలో పదిమంది మధ్య ఇరుక్కుని రాలేదు. నేను కారు తీసుకుని వస్తానన్నాను.

మా ఇంట్లో కారు నడిపేది నేను. మా ఆయన లోకో పైలట్. రైలింజను నడుపుతాడు కానీ స్టీరింగు పట్టుకుంటే చెమటలు. నేను తాల్‌బగీచా మైదానంలో నేర్చుకుని, ఏళ్ల తరబడి వర్క్‌షాపు ఆఫీసుకు నా కారులోనే వెళ్లొస్తున్నాను. కలకత్తాకీ, పూరీకీ నడిపాను.

చెల్లెలు ఫోనులో ఒకటే మాట పదేపదే చెప్పింది. "అక్కా, గాడులు లోతుగా ఉన్నాయా లేదా అని సూడకు. సలికి రబ్బరు గట్టిపడకూడదు, అదీ ముఖ్యం. టైరు పక్కన కొండ బొమ్మ, దాంట్లో మంచు పువ్వు ఉంటాది. అది ఉంటేనే తీసుకో." స్కూలు జీపు టైరుకున్న ఆ గుర్తును ఫొటో తీసి పంపింది కూడా.

మన వైపు అలాంటి టైర్లు దొరకడం కష్టం. వారం తిరిగి, ఫోన్లు చేసి, చివరికి కలకత్తాలో ఒక డీలరును పట్టుకున్నాను. నా కారు సైజులో ఉన్నాయి, గుర్తు ఉంది, ఫొటో పంపాడు. బుధవారానికి ఖరగ్‌పూర్ చేరుస్తానన్నాడు. నేను ఆఫీసులో ఉంటే ఎత్తలేనని ఇంటి ఫోను నంబరు కూడా ఇచ్చాను. శుక్రవారం బయలుదేరాలి.

ఇక్కడే మా బావగారు వచ్చారు. మా ఆయనకు అన్నయ్య. రైలు గార్డుగా రిటైరయ్యారు, మా చర్చిలో పెద్ద. కారు నడపడం రాదు. పొగమంచు రోజులు కాబట్టి మా ఆయనకు సెలవు దొరకలేదు. ఆడది ఒక్కతే అంత దూరం ఎలా వెళ్తుందని బావగారు నాకు తోడు వస్తానన్నారు. వద్దని నేననలేదు. పెద్దవారు, చెల్లెల్ని దింపేటప్పుడు ఒక చెయ్యి సాయం ఉంటుంది అనుకున్నాను.

బుధవారం టైర్లు వస్తాయని కారు ఇంటి దగ్గరే ఉంచి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి కారు ఇంటి ముందు లేదు. బావగారు మా ఆయన దగ్గర తాళాలు తీసుకుని, ఒక డ్రైవరును పెట్టుకుని, ఝపటాపూర్‌లో టైర్ల షాపుకు తీసుకెళ్లారట. ఆ షాపాయన మా చర్చి మనిషే. పోయిన ఏడాది నుంచి సిక్కిం వెళ్లేవాళ్ల కోసమని షాపు మీద 'స్నో టైర్' అని పెద్ద బోర్డు కట్టాడు.

ఆటో ఎక్కి పరిగెత్తాను. అప్పటికే నాలుగు టైర్లూ మార్చేశారు. లావుగా, లోతైన గాడులతో, చూడటానికి ట్రాక్టరు టైర్లకు తమ్ముళ్లలా ఉన్నాయి. వంగి ఒక్కొక్కటీ పక్కన తడిమి చూశాను. కొండ బొమ్మ లేదు.

"ఏటి సిస్టర్, అలాగ ఎతుకుతున్నారు?" అన్నాడు షాపాయన.

"కొండ గుర్తేదీ?"

"గుర్తు ఉంది కదా. ఇగో సూడండి. ఎమ్, ఎస్. ఎమ్ అంటే మడ్డు, ఎస్ అంటే స్నో. అచ్చరాల్లోనే రాసేసినారు, ఇంకా బొమ్మ ఎందుకు?"

"ఆ అచ్చరాలు ఏ బురద టైరు మీదైనా ఉంటాయి. నేను కలకత్తాలో ఆర్డరు పెట్టినాను, ఈరోజే వస్తాయి."

అప్పుడు బావగారు కుర్చీలోంచి లేవకుండానే అన్నారు. "అది నేను వద్దనేసినానమ్మా. మధ్యాహ్నం ఆడు మీ ఇంటికి ఫోను సేస్తే నేనే ఎత్తినాను. మన బ్రదర్ దగ్గర సరుకుంటే బయటోడి దగ్గర ఎందుకు?"

వారం రోజులు నేను వెతికిన దాన్ని ఆయన ఒక్క ఫోనులో రద్దు చేసేశారు. నన్ను అడగలేదు. కారు నాది, నడిపేది నేను, అవతల కాలు విరిగి కూర్చున్నది నా చెల్లెలు. కలకత్తా అతనికి అక్కడే నిలబడి ఫోను చేశాను. "దీదీ, మీ ఇంటి నుంచే వద్దన్నారు కదా, వేరే పార్టీకి ఇచ్చేశాను" అన్నాడు. మళ్లీ తెప్పించాలంటే ఇంకో పదిహేను రోజులు. చెల్లెలి హాస్టలుకు వచ్చే వారం శనివారం దాటితే తాళం.

"నేను గార్డునమ్మా. బండి ఆపడం ఎలాగో నాకు తెలీదేటి?" అన్నారు బావగారు.

ఆ మాటకు షాపాయన నవ్వాడు. మా ఆయన ఆ రాత్రి అన్నం తింటూ, "అన్నయ్య మంచికే సేసినాడు లేవే" అన్నాడు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

శుక్రవారం బయలుదేరాం. సిలిగురి, గౌహతి దాటి, కొండ మొదట్లో ఒక షెడ్డు దగ్గర టైర్లకు చుట్టే గొలుసులు అద్దెకు తీసుకున్నాను. "ఈ టైర్లకి గొలుసులెందుకు, డబ్బులు దండగ" అన్నారు బావగారు. నేను డబ్బులు కట్టి గొలుసులు డిక్కీలో వేసుకున్నాను. దారంతా ఆయన పక్క సీట్లో కూర్చుని "మెల్లగా", "హారన్ కొట్టు", "ఆ లారీని పోనీ" అంటూనే ఉన్నారు. ఆ గొలుసులు లేకపోతే మేం కనుమ ఎక్కేవాళ్లమే కాదు. తెల్లగా పరుచుకున్న మంచులో ముందర వెళ్లిన బళ్ల చాళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. నా వేళ్లు స్టీరింగుకు అతుక్కుపోయాయి.

చెల్లెల్ని ఎక్కించుకున్నాం. వెనక సీటు మీద కాలు చాపి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. ఎక్కే ముందు అది కుంటుకుంటూ కారు చుట్టూ తిరిగి టైర్లు చూసింది. నా మొహం చూసింది.

తిరుగు దారిలో కనుమ దిగాక మంచు పలచబడి నల్లటి రోడ్డు బయటపడింది. అక్కడ అందరూ గొలుసులు విప్పేస్తారు. ఒట్టి రోడ్డు మీద గొలుసులతో పోతే టైర్లు కోసుకుపోతాయి. మేమూ విప్పాం. ఎండ వచ్చింది. బావగారు స్తోత్రం అన్నారు.

తర్వాత కొండ నీడలో ఒక మలుపు వచ్చింది. రోడ్డు తడిగా మెరిసింది, అంతే. అది తడి కాదు, అద్దంలా పేరుకున్న మంచు. బండి నిదానంగానే పోతోంది. బ్రేకు మీద కాలు ఆనించాను. కారు నా మాట వినడం మానేసింది. స్టీరింగు ఇటు తిప్పితే అటు పోయింది. చప్పుడు కూడా లేదు. ఎడమ పక్క లోయ. చెల్లెలు "అక్కా" అంది, అరవలేదు, మామూలుగా పిలిచినట్టే అంది. రోడ్డు పనివాళ్లు అంచున పోసి వదిలేసిన కంకర కుప్ప ఒకటి ఉంది. కారు ముక్కు అందులోకి దూరి ఆగింది.

చెల్లెలి కట్టు కాలు ముందు సీటుకు గుద్దుకుంది. అప్పుడు అరిచింది.

దిగి టైరు మీద చెయ్యి వేశాను. రాయిలా ఉంది. గోరు దిగలేదు. ఆ లోతైన గాడుల్లో కంకర ఇరుక్కుని ఉంది. బావగారు కారులోనే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. వెనక వచ్చిన సుమో వాళ్లు దిగి కారును లాగి రోడ్డు మీదికి తెచ్చారు. గొలుసులు మళ్లీ చుట్టుకుని దిరాంగ్ వరకు పాకినట్టు దిగాం. చెల్లెలు దారంతా పళ్లు బిగబట్టుకుని కూర్చుంది.

మంచి టైర్లయితే జారేది కాదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. అద్దం లాంటి మంచు మీద ఏవైనా జారతాయి. కాని నేను నా బుర్రతో ఎంచుకున్న వాటి మీద జారి ఉంటే అది వేరు. గోరు దిగని రబ్బరు మీద, నేను వద్దన్న రబ్బరు మీద, నా చెల్లెల్ని కూర్చోబెట్టి దింపాను.

ఖరగ్‌పూర్ చేరాక ఎక్స్‌రే తీస్తే అతుక్కుంటున్న ఎముక పక్కకు జరిగిందన్నారు. ఆపరేషను చేసి ప్లేటు వేశారు.

ఆ ఆదివారం చర్చికి వెళ్లాను. పాటలయ్యాక సాక్ష్యాలు. బావగారు లేచి మైకు అందుకున్నారు.

"ఆ కొండ మీద బండి జారిపోతుంటే ప్రభువు తన చెయ్యి అడ్డం పెట్టినాడు. హల్లెలూయా. మన బ్రదర్ ఏసిన టైర్లు కూడా మామూలుయి కావు. ఏరేవయితే ఈరోజు మీరు మాకు సమాధి ఆరాధన సేస్తుందురు." షాపాయన ముందు వరుసలో తల వంచుకుని చేతులు జోడించాడు. బావగారు కొంచెం నవ్వి, "ఆడకూతురు కదా, కంగారులో బ్రేకు గట్టిగా తొక్కేసింది. దేవుడు అది కూడా కాసినాడు" అన్నారు.

కొందరు నవ్వారు. ప్రేమగానే నవ్వారు. నా ఒళ్లంతా మండింది.

లేచి నిలబడ్డాను. "పాస్టరుగారూ, నేనూ సాక్ష్యం సెప్తాను."

మైకు ఇచ్చేదాకా ఆగలేదు. "దేవుడు కాపాడినాడు, నిజమే. ఏటి నుంచి కాపాడినాడో అది సెప్పడం బావగారు మర్సిపోయినారు. నేను మంచు టైర్లు ఎతికి ఆర్డరు పెట్టినాను. నాకు సెప్పకుండా ఈయన వద్దనేసినారు. ఈ బ్రదర్ ఎస్ అంటే స్నో అని బురద టైర్లు ఏసినాడు. నేను బ్రేకు గట్టిగా తొక్కలేదు. బండిలో ఉన్నోళ్లలో డ్రైవింగు వొచ్చింది నాకొక్కదానికే. మా సెల్లి ఈరోజు మంచం మీద ఉంది. మీలో ఎవరైనా పిల్లల్ని తీసుకుని సిక్కిం పోతే, ఆ బోర్డు సూసి కొనకండి."

వెనకనుంచి ఎవరో పెద్దావిడ నా చీర కొంగు పట్టుకుని లాగింది. "కూకో అమ్మా, మందిరంలో ఇయ్యేటి మాటలు." నేను కూర్చోలేదు. చెప్పాల్సింది అయ్యాక నడిచి బయటకు వచ్చేశాను. 

మర్నాడు షాపాయన ఇంటికి వచ్చాడు. టైర్లు వెనక్కి తీసుకుంటానన్నాడు. "అందరి ముందర పరువు తీసేసినారు సిస్టర్, నాకు తెలిస్తే అమ్ముతానా?" అన్నాడు.

"తెలీనప్పుడు తెలీదు అనాల. బోర్డు కట్టకూడదు."

"తీసేస్తాను."

"తీసినాక వొచ్చి మాటాడండి."

బోర్డు మీద ఆ ముక్క వరకు సున్నం కొట్టించాడు. ఎండకు కింద అక్షరాలు ఇప్పటికీ లీలగా కనిపిస్తాయి. ఆ టైర్లు అతనే తీసుకుపోయాడు, ఇంకెవరికి అమ్మాడో నాకు తెలియదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా మళ్లీ మండుతుంది.

చెల్లెలు మార్చిలో స్కూలుకు తిరిగి వెళ్లింది. మెట్లు ఎక్కేటప్పుడు ఇప్పటికీ గోడ పట్టుకుంటుంది. బావగారు మా ఇంటికి రావడం మానేశారు. పెద్దవాడు కదా, ఒక్క మాట సారీ చెప్పేస్తే పోతుందని మా ఆయన చాలాసార్లు అన్నాడు. నేను చెప్పలేదు. చివరికి మా తోడికోడలు, బావగారి భార్య, ఒక సాయంత్రం ఒక్కతే వచ్చింది. నాకంటే పెద్దది, మెత్తని మనిషి. వంటింట్లో పీట మీద కూర్చుని టీ తాగుతూ అంది.

"నువ్వు సెప్పింది నిజమే. నేను కాదనను. కానీ అంతమంది ముందర సెప్పాలేటి?"

"అక్కయ్యా, ఆయన అబద్ధం సెప్పింది ఎక్కడ? ఆ అంతమంది ముందరే కదా."

ఆవిడ టీ పూర్తిగా తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, వెళ్లొస్తానని లేచింది. గేటు దాకా వెళ్లి సాగనంపాను.