గడప దాటినన్ని తూర్లు

నవంబరు రెండో తేదీ వచ్చిందంటే మా అవ్వకు గుడి లోపలికీ బయటికీ తిరగడమే పని. మాది హిందూపురంలో కతోలిక కుటుంబం. ఆ రోజును మావాళ్లు సమాధుల పండగ అనేవాళ్లు. గుడి స్వామి దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకుని, పూజలో సత్ప్రసాదం తీసుకున్న మనిషి గుడిలోకి పోయి పరలోక జపాలు, మంగళవార్త జపాలు ఆరేసి చెప్పి వస్తే, చనిపోయినవాళ్లలో ఒకరికి పడిన శిక్షంతా తీరిపోతుందని అప్పటి నియమం. ఇంకొకరికి కావాలంటే బయటికి వచ్చి మళ్లీ గడప దాటాలి. ఎన్నిసార్లు దాటితే అంతమందికి. అవ్వ పొద్దున పూజ అయినప్పటి నుంచి పొద్దుగూకేదాకా తిరుగుతూనే ఉండేది. తాతకు, మశూచితో పోయిన చెల్లెలికి, బతికినన్నాళ్లూ తనను కాల్చుకు తిన్న అత్తకు. "ఆ యమ్మకు ఒక తూరి చాలదు, రెండు తూర్లు పోవల్ల" అనేది. ఆ మాట అన్నాక లెంపలేసుకునేది.

ఇట్లా శిక్ష తీరడాన్ని దండవిమోచనం అంటారు. ఆ పెద్దమాటను మాకు విప్పి చెప్పింది జపాలు నేర్పే ఉపదేశి. "తప్పు మన్నించినా దండుగ మిగిలే ఉంటాదప్పా. దాన్ని ఈడన్నా తీర్చల్ల, ఆడన్నా తీర్చల్ల. కరువొచ్చినప్పుడు సర్కారు శిస్తు మాఫీ చేసినట్ల, మన కతోలిక తిరుసభ దాన్ని మాఫీ చేస్తాది" అనేవాడు. ఆడ అంటే ఉత్తరించు స్థలం, మోక్షానికి పోయే ముందు ఆత్మలు మంటలో శుద్ధి అయ్యే చోటు. ఉత్తరించడమంటే దాటడమని నాకు తెలీదు. ఉత్తరం దిక్కున పెనుకొండ అవతల ఎక్కడో ఉందనుకునేదాన్ని. నవ్వితే నవ్వండి. మా చిన్నాయన పోయింది ఆ దిక్కుకే మరి.

ధర్మవరం రైల్వేలో పని దొరుకుతుందని చిన్నమ్మతో చెప్పి ఆయన రైలెక్కాడు. పెనుకొండ స్టేషన్లో దిగి టీ తాగుతుంటే చూశామని మా వీధివాళ్లు చెప్పారు. ధర్మవరం చిన్నమ్మ పుట్టినిల్లు. వాళ్ల నాయన చెప్పులరిగేలా వెతికి, అసలు ఊరికే చేరలేదమ్మా అని వచ్చి చెప్పి ఏడ్చాడు. మనిషి ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు. అట్లా ఏళ్లు గడిచాయి.

బతికి ఉంటే మంచిదే. చనిపోయి ఉంటే మాత్రం, తన కోసం గడప దాటే దిక్కు లేకుండా ఆ మంటలో ఉన్నట్టే కదా. ఈ సంగతి మా ఇంట్లో అందరినీ తినేసేది. ఉపదేశి ఒక ఏడాది తెగించి అవ్వతో అన్నాడు.

"ఈ జపాల ఫలం సచ్చిపోయినోళ్లకు ఇయ్యొచ్చు, లేదంటే మనమే తీసుకోవచ్చు. బతికుండే ఇంకొకరికి ఇయ్యనీకి లేదు. నీ కొడుకు పేరు చెప్పి ఒక తూరి పోయిరామ్మా. వాడు ఆడ లేకుంటే దేవుడు ఇంకెవరికన్నా ఇస్తాడులే."

"బతికుండేవానికి ఎవరన్నా తద్దినం పెడతారా అయ్యా?" అంది అవ్వ.

కతోలిక ఇంట్లో తద్దినమేమిటని అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. నాకైతే అవ్వ మీద ఒళ్లు మండేది. మొండితనానికి కొడుకును మంటలో వదిలేస్తుందా ఈ మనిషి అనుకునేదాన్ని. మాతోనే ఉండిపోయిన చిన్నమ్మ మాత్రం చేతినిండా గాజులతో, ఎవరితో ఏమీ అనకుండా, తానూ గుడిలోకి పోయి వస్తుండేది. ఎవరికోసమని మేము అడగలేదు.

అరవై ఏడులో సమాధుల పండగ ముందు ఆదివారం, పూజలో స్వామి కొత్త నియమం చదివాడు. రోమాపురి నుంచి ఉత్తర్వు వచ్చింది, ఇకమీద శిక్షంతా తీర్చే పరిపూర్ణ ఫలం రోజుకు ఒక్కటే, ఎన్నిసార్లు తిరిగినా ఒక్కరికే. జనం లెక్కలు మాని మనసు పెట్టాలని పెద్దల ఉద్దేశమట. మంచి ఉద్దేశమే, కాదనను. ఒకప్పుడు ఐరోపాలో ఈ ఫలాలను డబ్బుకు అమ్మారని, దాని మీద మతమే రెండుగా చీలిందని బడిలో చదువుకున్నదాన్నే. కానీ మా అవ్వ దగ్గర ఏ డబ్బుంది? రెండు మోకాళ్లు ఉన్నాయి, అవి అరగదీసుకుంటానంటే వద్దనడమెందుకు? ఇప్పటికీ అదే నియమం. నేనూ పాటిస్తాను, కోపంతోనే పాటిస్తాను.

ఆ ఏడే శ్రావణంలో చిన్నమ్మ వాళ్ల నాయన ధర్మవరంలో పోయాడు.

పండగనాడు పూజ అయి జనం పలచబడ్డాక, చిన్నమ్మ తలుపుదాకా పోయి వెనక్కి వచ్చింది. మళ్లీ పోయి మళ్లీ వచ్చింది. చివరికి గోడ పక్కన అరుగు మీద కూర్చుండిపోయింది. అవ్వ పోయి ఆమె పక్కన కూర్చుంది. నేను వాళ్ల వెనకే ఉన్నాను.

"మీ నాయనకు పోమ్మా."

"పోతా అత్తా." అంది గాని లేవలేదు.

"ఏటేటా నువ్వు వానికి పోతాండావని నాకు తెలుసులే."

చిన్నమ్మ తల వంచుకుంది. "నీకు చెప్పల్లనే అనుకుంటి అత్తా. తిడతావని భయపడితి."

"ఎందుకు తిడతా? నువ్వు పోతాండావనే నేను పోకుండా ఉండగలిగితి. వాడు సచ్చిపోయింటే నువ్వుండావు. బతికుంటే వాడు వస్తాడని ఎదురుచూసేదానికి ఒకరన్నా ఉండల్ల కదా. ఈ తూరి నీకుండేది ఒకటే. అది మీ నాయనది. నా కొడుకును వెతికి వెతికి అలిసిపోయినాడు ఆయన. వానికి నేను పోతా."

"మరి మామకు?"

"మీ మామకు శానా ఏండ్లు పోతిని. ఈ పాటికి దాటింటాడు."

చిన్నమ్మ అవ్వ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "వద్దత్తా, నువ్వు పోవద్దు. నువ్వు పోతే ఆయన నిజంగానే లేనట్ల." అన్నేళ్లూ చిన్నాయన మా ఇంట్లో బతికి ఉన్నాడంటే అవ్వ వల్లనేనని నాకు అప్పుడే తెలిసింది.

అవ్వ చెయ్యి విడిపించుకుని, కొంగు తలమీదికి లాక్కుని లోపలికి పోయింది. ఎప్పుడూ పట్టే సమయం కన్నా చాలా ఎక్కువ పట్టింది. బయటికి వచ్చి, అలవాటు కొద్దీ మళ్లీ లోపలికి తిరిగింది. గడప ముందు ఆగి, "ఇంగ లేదు కదా" అంది. అని, అక్కడే మెట్ల మీద కూలబడి, కొడుకును పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.