దొరకని ఝ

బోర్డులు రాసే పెయింటరు అక్షరాలను సొంత బావమరిదే ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఫాంటుగా మార్చి, తన పేరుతో అమ్ముకున్నాడు. లావుగా, గుండ్రంగా, కుడివైపుకు వాలి పరుగెత్తే ఆ అక్షరాలు ఇప్పుడు ప్రతి షాపు మీదా ఉన్నాయి. పెయింటరు రోజూ వాటి కింద నిలబడి, తన వంపులను గాల్లో వేలితో దిద్దుతూ పళ్లు నూరుతాడు. అయితే ఏ బోర్డు మీదా ఆయనకు ‘ఝ’ రాసే అవసరం రాలేదు. ఆ ఒక్కటీ బావమరిది సొంతంగా గీసుకుంటే వికారంగా వచ్చింది.

మొన్న అతనే వచ్చి, “బావా, ఆ ఒక్కటీ గీసివ్వవా? కొన్నవాళ్లంతా నవ్వుతున్నారు” అని బతిమాలాడు. పెయింటరు కుంచె ముంచి, గోడ మీద ఒక్క ఊపులో ఝ రాశాడు. బావమరిది ఫోను తీసేలోగా తడి రంగును అరచేత్తో తుడిచేశాడు. చివరిసారి నాకు కనిపించినప్పుడు పెయింటరు, “కళ్లారా చూశాడుగా, ఇక వాడికి నిద్ర పట్టదులే” అన్నాడు.