వెళ్లొస్తానని చెప్పి

నరసరావుపేట బస్టాండు ఎదుట విదేశీ టూర్లు బుక్ చేసే చెన్నకేశవులు, ఎవరొచ్చినా తలెత్తకుండా ఒకే గొంతుతో జాగ్రత్తలు అప్పజెబుతాడు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుండాలి. టికెట్టు మీద పేరు అచ్చం అందులోలాగే ఉండాలి. గోంగూర పచ్చడి చేతిసంచిలో పెట్టకూడదు. చెబుతున్నంతసేపూ వేళ్లకు రబ్బరు బ్యాండు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంటాడు. చివరి జాగ్రత్త మాత్రం తన సొంతం: "ఇంట్లో పోతన్నా అనమాకండి. వెళ్లొస్తా అని చెప్పి బయల్దేరండి."

మొన్న నకరికల్లు నుంచి రోహిణమ్మ వచ్చి సింగపూర్‌కు ఒక్క టికెట్టు తీసుకుంది. అంతా విని, "ఎవురికి చెప్పేది అన్నా? ఆయన పోయి ఏడాదైంది. ఇంట్లో ఎవురూ లేరు," అంది, కూరగాయల ధర చెప్పినట్టు.

రబ్బరు బ్యాండు వేలిమీదే ఆగింది.

"నాకు చెప్పమ్మా," అన్నాడు, తలెత్తకుండానే.

"సరే, పోతన్నా," అంటూ లేచిన రోహిణమ్మ గుమ్మంలో నాలుక్కరుచుకుంది. "వెళ్లొస్తా, అన్నా."