బూట్లు విప్పే రోగం

శంషాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. మనిషి ప్రవర్తనను ముక్కలుగా విడదీసి, ముక్కముక్కకూ మెదడులోనో నరాల్లోనో కారణం వెతికేవాళ్లు ఒక పక్షం. ఇల్లూ ఊరూ పనీ పెంపకంతో సహా మనిషిని మొత్తంగా చూడాలనేవాళ్లు ఇంకో పక్షం. ఈ పాఠం ఏటా చెబుతాను. రెండో పక్షం వహించి బల్ల గుద్ది మరీ చెబుతాను. ఆ నోటితోనే నేను చేసిన నిర్వాకం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

ఎయిర్‌పోర్టు చుట్టూ గోదాములు లేచాక, ఒక కిరాణా సరుకుల గోదాము వాళ్లు నన్ను శనివారాలు రమ్మన్నారు. ఫోనులో ఆర్డరిచ్చిన పప్పులూ సబ్బులూ అక్కడి నుంచే ఇళ్లకు పోతాయి. పనివాళ్లలో ఎవరి తీరైనా తేడాగా ఉంటే నేను మాట్లాడి రిపోర్టు రాయాలి. గేటు పక్కనే ఏసీ గది ఇచ్చారు. గోదాము లోపల ఎలా ఉంటుందో నేను చూడలేదు. చూస్తానని అడగనూ లేదు.

ఒక శనివారం సూపర్‌వైజరు ఒకామెను పంపాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. మహేశ్వరం వైపు పల్లె. వరసల్లో తిరుగుతూ ఆర్డరు ప్రకారం సరుకు ఏరి బుట్టలో వేయడం ఆమె పని. పనిలో ఉండగా మాటిమాటికీ సేఫ్టీ బూట్లు విప్పి చేత పట్టుకుంటోందనీ, నాలుగడుగులు వేసి మళ్లీ తొడుక్కుంటోందనీ, ఎన్నిసార్లు చెప్పినా మానడం లేదనీ సూపర్‌వైజరు కాగితం మీద రాశాడు. అది చదవగానే నాకు రోగం పేరు తట్టింది. ఆమె ఇంకా కుర్చీలో కూర్చోనేలేదు.

ప్రశ్నల పత్రం తీశాను.

“బూట్లు విప్పకపోతే మనసుకు ఇబ్బందిగా ఉంటుందా?”

“ఉంటది మేడం. పానం ఒప్పదు.”

“వద్దని తెలిసినా విప్పుతావా?”

“విప్పుత. అడుగు పడదు.”

“ఎప్పటి నుంచి?”

“చిన్నప్పటి సంది.”

“విప్పకపోతే చెడు జరుగుతుందని భయమా?”

“పాపం తగుల్తది గద మేడం. ఏందంటే, ఆడ మూడో వరసల బియ్యం సంచులు...”

“అడిగినదానికే చెప్పమ్మా. భయం ఉందా, లేదా?”

“ఉన్నది.”

అన్ని గళ్లలోనూ టిక్కు పడింది. అంత చక్కగా సరిపోయిన కేసు అంతకుముందు నాకు తగల్లేదు. లోలోపల సంతోషపడ్డాను కూడా. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బని ఆమెకు ఓపిగ్గా వివరించాను. మెదడులో ఒక రసాయనం తగ్గిందనీ, అందులో ఆమె తప్పేమీ లేదనీ చెప్పాను. విప్పాలనిపించినప్పుడు విప్పకుండా ఆగమనీ, రోజూ సాధన చేస్తే తగ్గుతుందనీ చెప్పాను.

“అంటే నాకు పిచ్చా మేడం?” అంది.

“పిచ్చి అనకూడదమ్మా, జబ్బు అనాలి” అన్నాను. మాట దిద్దానే గాని మనిషి మొహం చూడలేదు. సరుకు మోసే బండ్లు తిరిగే చోట పనికి తగదని రిపోర్టు రాసి చేతులు దులుపుకున్నాను. సోమవారం ఆమెను పనిలోంచి తీసేశారు.

రెండు నెలల తర్వాత, పని ఒత్తిడి గురించి పనివాళ్లందరికీ మాట్లాడమంటే మొదటిసారి లోపలికి వెళ్లాను. నాకూ సేఫ్టీ బూట్లు ఇచ్చారు. సూపర్‌వైజరు ముందు నడుస్తున్నాడు, వెనక నేను. మూడో వరసలో ఒక సంచి చినిగి దారి పొడుగునా బియ్యం పడి ఉన్నాయి. అతను తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. నా అడుగు పడలేదు. నాకు తెలియకుండానే వంగి బూటు తాడు విప్పుతున్నాను.

“మేడం, బూట్లు ఇప్పొద్దు” అన్నాడు.

నేనూ రైతు బిడ్డనే. చిన్నప్పుడు చెప్పులతో కల్లంలోకి పరుగెత్తానని మా బాపు నా వీపు విమానం మోత మోగించాడు. గింజ మీద చెప్పుకాలు పెట్టకూడదని మా ఇళ్లలో నడక వచ్చినప్పుడే నేర్పుతారు. సూపర్‌వైజరును ఆమె గురించి అడిగాను. సబ్బుల వరసలో ఆమె బూట్లు విప్పేది కాదట. నూనెల వరసలోనూ విప్పేది కాదట. ఎక్కడ విప్పుతున్నావని నేనొక్క మాట అడిగితే అయిపోయేది. అడగకుండానే ఆమె చెప్పబోయింది, నేనే నోరు మూయించాను. ఆ రోజు ఒత్తిడి గురించి ఏం మాట్లాడానో గుర్తులేదు.

ఆమెకు ఏ జబ్బూ లేదనీ, నా రిపోర్టు తప్పనీ కాగితం రాసి ఆఫీసులో ఇచ్చాను. ఆలోచిస్తామన్నారు. ఇంకో ప్రతి తీసుకుని ఆమె ఊరికి వెళ్లాను. దారి పొడుగునా ప్లాట్ల రాళ్లే. ఆమె వాకిట్లో అత్త జొన్నలు ఎండబోస్తోంది. నన్ను చూడగానే ఆమె లోపలి నుంచి ఎదురొచ్చింది.

“రాండ్రి మేడం, కూసోండ్రి” అని కుర్చీ వేసింది. నేను నోరు తెరిచేలోపే, “నాకు తగ్గింది మేడం” అంది.

నేను సంచిలోంచి కాగితం తీశాను.

“మీరు చెప్పినట్లే రోజు చేస్తున్న. మొదట్ల ఏడుపొచ్చేది. రాత్రి నిద్ర పట్టకపోయేది. ఇంట్లోల్లు పిల్లలను నా తాన ఒక్కలను ఇడుస్త లేరు మేడం, ఏమన్న చేస్తనేమోనని. అందుకే పట్టుబట్టి చేసిన. సూడుండ్రి.”

గుమ్మం దగ్గరి చెప్పులు తొడుక్కుని నేరుగా వచ్చి జొన్నల మీద నిలబడింది. నాలుగడుగులు వేసింది. గింజలు నలిగిన చప్పుడు వినబడింది. అత్త మొహం పక్కకు తిప్పుకుంది. పరీక్ష రాసి మార్కుల కోసం చూసే విద్యార్థిలా ఆమె నా వైపు చూస్తోంది.

“తగ్గింది గద మేడం? ఇగ రాసియ్యుండ్రి, పనిల పెట్టుకుంటరు.”

లేచి కాగితం ఆమె చేతిలో పెట్టాను. “నీకు అసలు ఏ జబ్బూ లేదమ్మా. ఎన్నడూ లేదు. తప్పంతా నాదే” అన్నాను.

ఆమె కాగితం చూడలేదు. నన్నే చూసింది. మొహంలో సంతోషం పోయింది.

“గట్ల అనకుండ్రి మేడం. ఎంత కష్టపడి తగ్గించుకున్న” అంది.