ఎం దాకా నేను, ఎన్ నుంచి ఆమె

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అట్ట ఊడిన ఇంగ్లీషు డిక్షనరీ చూసి నవ్వు ఆగలేదు. మీలో ఎవరింట్లోనైనా సగం డిక్షనరీ ఉండేదా? మా ఇంట్లో ఉండేది!

చిన్నప్పుడు మా నాన్న, ఆయన ఆఫీసు దోస్తు కలిసి అక్కడే ఒకటి కొన్నారు. ఎవరింట్లో ఉండాలని వారమంతా కొట్లాడుకున్నారు. చివరికి ఆ దోస్తు, "ఫికర్ ఎందుకన్నా, చెరి సగం చేద్దాం" అని బ్లేడుతో నడిమికి కోసేశాడు.

ఎం దాకా మాకు, ఎన్ నుంచి వాళ్లకు. బంక వాసన కొట్టే మా సగంలో 'గెట్ అప్', 'గెట్ ఆన్', 'గెట్ అవే' అన్నీ బట్టీ పట్టాను. ఒకరోజు క్లాసులో సారు 'పుట్ ఆఫ్' అంటే ఏందిరా అనడిగారు.

"గది మా ఇంట్ల లేదు సార్, ఆళ్లింట్ల ఉన్నది" అని మా క్లాసులోనే ఉన్న ఆ దోస్తు కూతుర్ని చూపించాను. బెత్తం దెబ్బ మాత్రం మా ఇంటికే వచ్చింది.

తర్వాత ఆ అమ్మాయినే పెళ్లి చేసుకున్నాను. మొన్న పక్కనే ఉంటే అడిగాను.

"గిది పూరా ఉన్నది, తీసుకుందామా?"

"నో! మనిద్దరం లేమా?" అంది.

'నో', 'సారీ' రెండూ ఆమె సగంలోని మాటలే. 'నో' తనే ఉంచుకుంది. 'సారీ' మాత్రం పెళ్లినాడే నాకు ఇచ్చేసింది.